బడికి చందా: ఎవరడుగుతున్నారు, ఎవరికందుతోంది

ముప్ఫై మంది లోపు పిల్లలున్న సర్కారు బడికి సమగ్ర శిక్ష పథకం కింద ఏడాది మొత్తానికి వచ్చే గ్రాంటు 10,000 రూపాయలు. పిల్లలు వంద దాకా ఉంటే 25,000, రెండు వందల యాభై దాకా ఉంటే 50,000. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, ఫినాయిల్, చీపుర్లు, ఊడిన తలుపు బందు, కారే కుళాయి, ఆగస్టు పదిహేను జెండా పండగ, అన్నీ అందులోంచే. దాంట్లో పదో వంతైనా పరిశుభ్రతకు పెట్టాలన్నది నిబంధన. ఆ సొమ్ము కూడా ఒక్కోసారి విద్యా సంవత్సరం సగం గడిస్తే గానీ ఖాతాలో పడదు. ఈలోగా హెడ్‌మాస్టరు జేబులోంచి పెట్టుకోవాలి, లేదా ఎవరినైనా అడగాలి.

అడగడం మనకు కొత్త కాదు. తెలుగు ఊళ్లలో బడి స్థలం చాలాచోట్ల ఎవరో ఒక రైతు రాసిచ్చిందే. బీరువా తలుపు మీద, ఫ్యాను రెక్క మీద, మంచినీళ్ల తొట్టి గోడ మీద పెయింటుతో రాసిన దాత పేరు చూడని సర్కారు బడి విద్యార్థి ఉండడు. పొరుగున మద్రాసు రాష్ట్రంలో 1950ల చివర కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉండగా, విద్యాశాఖ డైరెక్టర్ ఎన్.డి. సుందరవడివేలు బడుల అభివృద్ధి మహాసభలు పెట్టించి, ఊరి జనమే బల్లలు, పలకలు, గడియారాలు, స్థలాలు తెచ్చిచ్చేలా చేశారు. చందా పుస్తకం పట్టుకుని గడప గడపకూ తిరిగిన కాలం అది. యూపీఐ వచ్చిన 2016 తర్వాత ఆ పుస్తకం ఫోనులోకి మారింది. జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో వాట్సప్ గ్రూపుల్లో ఒక ఫొటో, నాలుగు వాక్యాలు, కింద ఒక క్యూఆర్ కోడ్ తిరుగుతుంటాయి. ఐదు వందలో వెయ్యో పంపడానికి అర నిమిషం చాలు.

దీనివల్ల బడులకు మేలు జరిగింది. కాదనడానికి లేదు. నోటు పుస్తకాలు, బెంచీలు, నీటి ఫిల్టర్లు, గ్రంథాలయ పుస్తకాలు, ఎన్నో బడుల్లోకి ఇలాగే వచ్చాయి. అయితే ఆ మేలు ఏ బడికి జరుగుతోంది, ఏ బడిని దాటిపోతోంది, ఇచ్చిన డబ్బుకు లెక్క ఎవరు చెబుతున్నారు అన్న ప్రశ్నలు మాత్రం ఇక్కడే కాదు, ఈ పద్ధతి పుట్టి పెరిగిన దేశంలోనూ తీరలేదు.

ఆ దేశం అమెరికా. 2000లో న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లోని వింగ్స్ అకాడమీ అనే ప్రభుత్వ పాఠశాలలో చార్లెస్ బెస్ట్ సాంఘిక శాస్త్రం చెప్పేవారు. పిల్లలతో చదివించాలనుకున్న నవల బడిలో లేకపోతే తెల్లవారుజామునే వెళ్లి పేజీలు జెరాక్స్ తీయించుకొచ్చేవారు. టీచర్ల గదిలో కూర్చుంటే అందరిదీ అదే గోడు: ఫలానా పుస్తకాలుంటే బాగుండు, ఫలానా ప్రయోగ సామగ్రి ఉంటే బాగుండు. టీచరు తనకేం కావాలో రాసి పెడితే, ఇష్టమున్న దాత ఎంచుకుని డబ్బు కట్టే వెబ్‌సైటు ఒకటి ఆయన మొదలుపెట్టారు. పేరు డోనర్స్‌చూజ్. తన తల్లి చేసే బేరిపండ్ల వంటకం తినిపించి తోటి టీచర్లతో తొలి అభ్యర్థనలు రాయించారు. వాటిలో కొన్నింటికి తన పేరు బయటపెట్టకుండా తానే డబ్బు కట్టారు. ఆయన విద్యార్థులు చేత్తో చిరునామాలు రాసి వేలాది ఉత్తరాలు పంపారు. 2003లో ఓప్రా విన్‌ఫ్రే తన టీవీ షోలో ఈ సైటు గురించి చెప్పాక విరాళాలు వెల్లువెత్తాయి. 2007కల్లా దేశంలోని ప్రభుత్వ పాఠశాలలన్నిటికీ తలుపులు తెరిచారు. ఇప్పటిదాకా దీని ద్వారా బడులకు చేరిన విరాళాలు 100 కోట్ల డాలర్లు దాటాయి. ఆ అభ్యర్థనల్లో అధిక భాగం ఐదో తరగతి లోపు పిల్లల టీచర్లవే.

ఈ సైటులో ఒక అభ్యర్థనను దగ్గరగా చూస్తే దాని బలం ఎక్కడుందో తెలుస్తుంది. పైన టీచరు తన తరగతి గురించి రాసిన రెండు మూడు పేరాలు. కింద కొనాల్సిన సరుకుల జాబితా: ఏ వస్తువు, ఏ దుకాణం నుంచి, ఎన్ని, ఒక్కోటి ఎంత. ఆ జాబితా కింద రవాణా ఖర్చు, అమ్మకం పన్ను, కార్డు చెల్లింపుకయ్యే రుసుము, సరుకు తెప్పించి పంపే పనికి 30 డాలర్లు, వేటికవే విడివిడిగా ఉంటాయి. సంస్థ నిర్వహణకు 15 శాతం అన్న వరుస చివర వస్తుంది. అది ఇష్టమైతే ఇవ్వొచ్చు, వద్దనుకుంటే తీసేయొచ్చు. మొత్తం పోగయ్యాక డబ్బు టీచరు చేతికి రాదు. సంస్థే సరుకు కొని బడి చిరునామాకు పంపుతుంది. అందాక టీచరు ఫొటోలు, కృతజ్ఞతా లేఖ పంపాలి. 50 డాలర్లో, అంతకు మించో ఇచ్చిన దాత కోరుకుంటే పిల్లలు చేత్తో రాసిన ఉత్తరాలు కూడా వస్తాయి. టీచరు నిజాయతీని నమ్మమని దాతను అడగనక్కరలేని ఏర్పాటు ఇది. అలాగే ఏ టీచరునూ అనుమానించనక్కరలేని ఏర్పాటు కూడా. ఇరవై ఐదేళ్లుగా ఈ సంస్థ నిలబడటానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

2016 మార్చిలో ఒక్కరోజు సినిమా, క్రీడా ప్రముఖులు, సంపన్నులు కలిసి 1.4 కోట్ల డాలర్లిచ్చి ఎన్నో రాష్ట్రాల అభ్యర్థనలు తీర్చేశారు. 2018 మార్చిలో రిపుల్ అనే క్రిప్టో కంపెనీ 2.9 కోట్ల డాలర్ల విలువైన తన నాణేలిచ్చి, సైటులో ఉన్న 35,000కు పైగా అభ్యర్థనలన్నిటినీ ఒకేసారి ఖాళీ చేసింది. అప్పట్లో అది పెద్ద వార్త. కానీ పెన్సిళ్లు అరిగిపోతాయి, పుస్తకాలు చిరుగుతాయి, మళ్లీ ఆగస్టు వస్తుంది. జాబితా తిరిగి నిండింది. అదే ఏడాది అమెరికా విద్యాశాఖ గణాంక విభాగం వెలువరించిన సర్వే ప్రకారం ప్రభుత్వ పాఠశాల టీచర్లలో 94 శాతం మంది తరగతి గది సరుకులకు సొంత డబ్బు పెడుతున్నారు. పెట్టినవారి సగటు ఖర్చు ఏడాదికి 479 డాలర్లు. ఆ ఖర్చుకు పన్ను మినహాయింపు కింద ప్రభుత్వం అప్పట్లో అనుమతించినది 250 డాలర్లు. 2022లో దాన్ని 300 చేశారు. ప్రపంచంలోకెల్లా సంపన్న దేశంలో ఒకటో తరగతి టీచరు కాగితాల కట్ట కోసం అపరిచితులను అడుగుతున్నారంటే, లోటు దాతృత్వంలో లేదు. పన్నుల డబ్బు పంపిణీలో ఉంది. అక్కడ బడి నిధుల్లో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఇళ్ల ధరలెక్కువున్న చోట బడి కూడా సంపన్నమే.

ఆన్‌లైన్ వసూళ్లు ఈ తేడాను తగ్గించాల్సింది పోయి, కొన్నిచోట్ల పెంచాయి. అది కనిపించేది డోనర్స్‌చూజ్‌లో కన్నా తల్లిదండ్రుల సంఘాల్లో. అమెరికా ప్రాథమిక పాఠశాలల్లో పీటీఏ అనే తల్లిదండ్రులు, టీచర్ల సంఘం ఏడాది పొడవునా డబ్బు పోగు చేస్తుంది. చదివిన పేజీలకు ఇంత, పరుగెత్తిన రౌండుకు ఇంత అని బంధువులు ఆన్‌లైన్‌లో మాట ఇచ్చి కట్టే పోటీలు అక్కడ మామూలు. టెక్సస్‌లోని ఫ్రిస్కో, న్యూజెర్సీలోని ఎడిసన్ లాంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వీటితో బాగా పరిచయం. ఈ పరుగు పందేలు నిర్వహించిపెట్టే కంపెనీలు వసూళ్లలో చెప్పుకోదగ్గ వాటా తీసుకుంటాయి. న్యూయార్క్ నగరంలో 2018లో చేసిన స్థానిక చట్టం వల్ల ఏ బడి సంఘం ఎంత వసూలు చేసిందో బయటపెట్టక తప్పలేదు. లెక్కలు వచ్చాక చూస్తే, కొన్ని సంఘాలు ఏడాదికి పది లక్షల డాలర్లకు పైగా పోగుచేస్తున్నాయి. కొన్నిటికి ఏమీ లేదు. రెండూ ఒకే నగరపు ప్రభుత్వ బడులే.

కూపన్ల కథ కూడా ఇలాంటిదే. జనరల్ మిల్స్ కంపెనీ 1996లో మొదలుపెట్టిన పథకంలో ఆహారపు డబ్బాల మీది చిన్న ముక్క కత్తిరించి బడికిస్తే ఒక్కోదానికి పది సెంట్లు వచ్చేవి. కత్తెర ఉన్న ఏ అమ్మమ్మయినా పాల్గొనగలిగిన పథకం అది. 2019లో దాన్ని యాప్‌లోకి మార్చి, దుకాణం రసీదును ఫోనుతో స్కాన్ చేయమన్నారు. స్మార్ట్‌ఫోను వాడకం రాని ఇల్లు అక్కడితో ఆ పథకానికి దూరమైంది.

ఈ ఎగుడుదిగుళ్లను సరిచేయడానికి అక్కడ జరిగిన ప్రయత్నాలు మనం తెలుసుకోదగ్గవి. ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో చాలా ఏళ్లపాటు ఒక నియమం ఉండేది. సిబ్బంది నియామకానికి బడి సొంతంగా వసూలు చేసిన డబ్బులో మొదటి 10,000 డాలర్లు దాటాక, మూడో వంతు ఉమ్మడి నిధికి పోవాలి. అక్కడి నుంచి అది పేద బడులకు వెళ్లేది. ఇదీ చాలదని 2024లో అక్కడి బోర్డు, ఒక్కో బడి తన సిబ్బంది కోసం విడిగా చందాలెత్తే పద్ధతినే ఆపడానికి నిర్ణయించింది. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా–మాలిబూ పాఠశాల జిల్లా 2011లోనే సిబ్బంది ఖర్చుకిచ్చే విరాళాలన్నీ జిల్లా ఖాతాలో కలపాలంది. మాలిబూ తల్లిదండ్రులు మండిపడ్డారు. తమ పిల్లల కోసం ఇచ్చిన డబ్బు పక్క ఊరికెందుకని అడిగారు. తమకు వేరే జిల్లా కావాలన్న వాదనకు అదీ ఒక కారణమైంది. కన్నబిడ్డ చదువు కోసం ఇవ్వాలన్న తపనను తప్పు పట్టలేం. కానీ ప్రభుత్వ బడి అందరిదీ అయినప్పుడు, ఆ తపన మొత్తం ఒకే ప్రహరీ లోపల ఆగిపోతే పక్క బడి పిల్లలకు అన్యాయమే జరుగుతుంది. మూడో వంతు నియమం ఈ రెంటి మధ్యా దొరికిన నిజాయతీ గల రాజీ. అది పోయినందుకు బాధపడాల్సిందే.

మన దేశానికి వస్తే చిత్రం వేరు. ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే సైట్లలో మిలాప్ 2010లో, కెట్టో 2012లో మొదలయ్యాయి. వీటిలో వైద్య ఖర్చుల విజ్ఞప్తులదే రాజ్యం. ఐసీయూలో ఉన్న పసిబిడ్డ ఫొటో పక్కన బడి మరుగుదొడ్డికి తలుపు కావాలన్న విజ్ఞప్తి ఎవరి కంటికీ ఆనదు. పైగా ఈ సైట్లలో డబ్బు విజ్ఞప్తి పెట్టిన వ్యక్తికో సంస్థకో చేరుతుంది. సరుకు బడికి పంపే డోనర్స్‌చూజ్ పద్ధతి వీటిది కాదు. సైటు రుసుము సున్నా అని రాసి ఉన్నచోట కూడా, చెల్లించే ముందు ‘టిప్పు’ కింద కొంత శాతం ముందే ఎంచి ఉంచడం మామూలు. చూసుకోకుండా నొక్కినవారికి అది అదనపు ఖర్చు.

కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 7న విద్యాంజలి 2.0 పోర్టల్ తెచ్చింది. దీంట్లో నగదు ఉండదు. బడి తనకు కావాల్సిన వస్తువునో సేవనో నమోదు చేస్తుంది, దాత ఆ వస్తువే ఇస్తాడు లేదా వచ్చి పాఠం చెబుతాడు. ఆలోచన మంచిది. అయితే అభ్యర్థన నమోదు చేసి, దాతతో మాట్లాడి, వస్తువు అందిందని ధ్రువీకరించే పని మళ్లీ హెడ్‌మాస్టరు మీదే పడుతుంది. తమిళనాడులో ముఖ్యమంత్రిగా ఉండగా స్టాలిన్ 2022 డిసెంబరులో ‘నమ్మ స్కూల్ – నమ్మ ఊరు పళ్లి’ ప్రారంభించి, సొంతంగా 5 లక్షలిచ్చారు. టీవీఎస్‌కు చెందిన వేణు శ్రీనివాసన్‌ను దానికి అధ్యక్షుడిగా, చదరంగం దిగ్గజం విశ్వనాథన్ ఆనంద్‌ను ప్రచారకర్తగా పెట్టారు. పూర్వ విద్యార్థులు, కంపెనీలు బడిని, పనిని ఎంచుకుని ఇవ్వొచ్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి గనుక, ఇలాంటి వేదికలకు అసలు దాతలు వాళ్లే.

కర్ణాటకలో మాత్రం గొడవైంది. 2022 అక్టోబరులో అక్కడి విద్యాశాఖ, బడి అభివృద్ధి కమిటీలు తల్లిదండ్రుల నుంచి నెలకు 100 రూపాయలు స్వచ్ఛందంగా తీసుకోవచ్చని సర్క్యులర్ ఇచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండానే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా చదువు ఉచితమంటోంది. హెడ్‌మాస్టరు అడిగినప్పుడు కూలి పనికి వెళ్లే తండ్రి ‘ఇవ్వను’ అనగలడా? ఇవ్వని పిల్లవాడి పేరు ఎక్కడో ఒకచోట బయటపడకుండా ఉంటుందా? అలాంటి చోట స్వచ్ఛందం అన్న మాట నిలవదు. ఆ సర్క్యులర్‌ను వ్యతిరేకించినవాళ్లు సరైన పనే చేశారు.

తెలుగు రాష్ట్రాల్లో దాతల డబ్బును ప్రభుత్వ పథకాల్లోకి తేవడానికి రెండు పెద్ద ప్రయత్నాలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 8న ‘కనెక్ట్ టు ఆంధ్ర’ వెబ్‌సైటు తెరిచారు. ఆ తర్వాతి వారమే, నవంబరు 14న ఒంగోలులో ‘మన బడి నాడు–నేడు’ మొదలైంది. తొలి విడతలో 15,715 బడులు. మరుగుదొడ్లు, తాగునీరు, బల్లలు, ప్రహరీ, మరమ్మతులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా జరిగాయి. తెలంగాణలో 2022 మార్చి 8న వనపర్తిలో ‘మన ఊరు – మన బడి’ ప్రారంభమైంది. మూడేళ్లలో 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయలు అన్నది ప్రణాళిక. పెద్ద మొత్తం ఇచ్చిన దాతలు చెప్పిన పేరు గదికో భవనానికో పెట్టే వీలూ కల్పించారు. రెండు చోట్లా సింహభాగం ఖర్చు సర్కారుదే. దాతల పిలుపు దానికి తోడు.

ప్రవాసుల డబ్బు గురించి ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఊరి బడికి సాయం చేయాలనుకునే చాలామందికి ఇది చేయి పెట్టాకే తెలుస్తోంది. భారత పాస్‌పోర్టున్న తెలుగువాడు డాలస్ నుంచి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అతనే అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, చేతిలో ఓసీఐ కార్డున్నా సరే, పంపింది విదేశీ విరాళమే. అందుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. ఊళ్లోని చిన్న ట్రస్టుకు ఈ నమోదు ఉండదు, నమోదున్న పెద్ద ట్రస్టు దానికి డబ్బు పంపలేదు. అందుకే మంచి మనసుతో అమెరికా నుంచి ఒక టీచరు సొంత ఖాతాకు పంపించేసి, తర్వాత ఆ టీచరును ఇబ్బందుల్లోకి నెట్టే పరిస్థితి వస్తోంది. ప్రభుత్వ పోర్టల్ ద్వారానో, నమోదున్న సంస్థ నేరుగా చేసే పని ద్వారానో పోవడమే క్షేమం.

ఇప్పుడు అసలు విషయానికి రావాలి. తెలుగునాట బడికి ఆన్‌లైన్ చందాల్లో ఎక్కువ భాగం ఏ పోర్టల్‌లోనూ లేదు. పదో తరగతి బ్యాచుల వాట్సప్ గ్రూపుల్లో ఉంది. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆత్మీయ సమ్మేళనం పెట్టుకుంటారు, గురువులకు శాలువాలు కప్పుతారు, బడికి వేదికో గేటో కంప్యూటర్లో ఇస్తారు. ఎంతో ముచ్చటైన ఆనవాయితీ ఇది. కానీ అది హైస్కూలుకే. ఐదో తరగతి బ్యాచ్ సమ్మేళనం ఎవరూ పెట్టుకోరు. అక్షరాలు దిద్దించిన బడి అందరికీ గుర్తుంటుంది, దానికంటూ గ్రూపు మాత్రం ఉండదు. అందులోనూ ఊళ్లో కలిగినవాళ్ల పిల్లలంతా ప్రైవేటు బడి బస్సెక్కి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఎస్సీ కాలనీలోనో తండాలోనో ఉన్న ప్రాథమిక పాఠశాలకు, అక్కడ చదివి అమెరికా వెళ్లి అడిగితే ఇవ్వగలిగిన పూర్వ విద్యార్థులు ఎంతమంది? అడిగే భాష, అడిగే ఫోను, అడిగితే వినే మనిషి, మూడూ ఉన్న బడికే ఆన్‌లైన్ చందా చేరుతోంది. మూడూ లేని బడికి అవసరం ఎక్కువ.

వసూళ్లు బాగా జరిగే బడిలో తరచూ ఒక చురుకైన టీచరు ఉంటారు. ఫొటోలు చక్కగా తీస్తారు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తారు, దాతలకు బదులిస్తారు. బదిలీల కౌన్సెలింగ్‌లో ఆ టీచరు వేరే మండలానికి వెళ్లగానే దాతలూ ఆయనతోపాటు వెళ్లిపోతారు. బడికి మిగిలేది గోడ మీద టీవీ. అది చెడిపోతే, ఇన్వర్టరు బ్యాటరీ చస్తే బాగుచేయించడానికి ఎవరూ ఇవ్వరు. కొత్త వస్తువు కొనిపెట్టడానికి దాత దొరుకుతాడు, పాత వస్తువును కాపాడటానికి దొరకడు. మరుగుదొడ్డి కట్టించిన దాత పేరు గోడ మీద ఉంటుంది. దాన్ని రోజూ కడిగే మనిషి జీతం మాత్రం ఏ విజ్ఞప్తిలోనూ కనబడదు. కానీ ఆడపిల్ల బడికి వస్తుందా రాదా అన్నది తేల్చేది ఆ జీతమే.

పిల్లల ఫొటోల సంగతి కూడా గట్టిగా చెప్పుకోవాలి. చిరిగిన చొక్కా, చెప్పుల్లేని కాళ్లు, కింద పేరు, ఊరు, తరగతి. ఎక్కువ డబ్బు రావాలంటే ఎక్కువ జాలి కలగాలన్న లెక్క దీని వెనక ఉంది. ఆ పిల్ల పెద్దయ్యాక తన పేరు ఫోనులో వెతికితే కనిపించేది ఆ బొమ్మే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపువారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకృత అనుమతి కావాలంటోంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, బెంచీ కోసం పిల్ల మొహం చూపించాల్సిన పని లేదు. విరిగిన బెంచీ ఫొటో చాలు.

ఇక ఏ చందాతోనూ దొరకనిది టీచరు. కేంద్ర విద్యాశాఖ ఏటా బడుల నుంచి సేకరించే యూడైస్ వివరాల్లో, 2024–25 లెక్కల ప్రకారం ఒకే టీచరుతో నడుస్తున్న బడులు దేశంలో లక్షకు పైగా ఉన్నాయి. రాష్ట్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,900కు పైచిలుకు. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఒక్క మనిషి. ఆయన మండల కేంద్రంలో సమావేశానికి వెళ్లిన రోజు బడి మూతే, లేదా పక్క బడి నుంచి ఎవరినైనా సర్దాలి. అలాంటి బడికి విరాళంగా ట్యాబులు వచ్చినా వాటిని తెరిచి చూపేది ఎవరు? ఆన్‌లైన్ చందాలను మెచ్చుకునే ప్రతి ప్రభుత్వాన్నీ మొదట అడగాల్సింది ఖాళీ పోస్టుల గురించే. దాతలు బల్లలివ్వగలరు. ఏటా జీతమిచ్చి మనిషిని నిలబెట్టే పూచీ ప్రభుత్వానిది.

బడి పేరిట తెలుగునాట పోగవుతున్న అతి పెద్ద మొత్తాల్లో ఒకటి ఏ దాతల జాబితాలోనూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మ ఒడి పథకం కింద, పిల్లలను బడికి పంపే తల్లికిచ్చే 15,000లో 2021లో వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకు పట్టుకున్నారు. 2022లో బడి నిర్వహణ కూడా కలిపి 2,000 చేశారు. ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనం అయింది. 2025 జూన్‌లోనూ తల్లి ఖాతాలో పడింది 13,000, బడికని మినహాయించింది 2,000. ఇది ఆమె ఫోను నుంచి వెళ్లిన చందా కాదు, ఆమె చేతికి రాకుండానే ఆగిన డబ్బు. వందమంది పిల్లలున్న బడిని తీసుకుంటే ఈ లెక్కన 2 లక్షలు. ఆ బడికి సమగ్ర శిక్ష కింద వచ్చేదానికి ఇది ఎనిమిది రెట్లు. అమెరికాలో 50 డాలర్లిచ్చిన అపరిచితుడికి పిల్లలు చేత్తో రాసిన ఉత్తరం వెళ్తోంది. ఏటా 2,000 ఇస్తున్న కూలి తల్లికి ఆ డబ్బుతో ఏ బడిలో ఏం చేశారో చెప్పే చీటీ కూడా రావడం లేదు. ఇచ్చేవాళ్లకు లెక్క చెప్పాలన్న నియమం అందరికన్నా ముందు ఆమెకు వర్తించాలి.

దీనికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంది. ఆ బడిలో మరుగుదొడ్డి పనిచేస్తోందా, నీళ్లున్నాయా, కరెంటుందా, పిల్లలెందరు, టీచర్లెందరు అన్న వివరాలు ఏటా ప్రభుత్వానికి అందుతూనే ఉన్నాయి. హెడ్‌మాస్టరు విజ్ఞప్తి రాసే దాకా ఆగకుండా, ఆ వివరాలతో పోర్టలే లోటు ఎక్కువున్న ప్రాథమిక బడులను ముందు వరసలో చూపించవచ్చు. ఫలానా బడికే అని ఇచ్చే పెద్ద విరాళాల్లో కొంత వాటా, పోర్ట్‌లాండ్ పాత నియమం తరహాలో, మండలంలోని చిన్న బడుల ఉమ్మడి నిధికి చేర్చవచ్చు. ఇచ్చే దాతకు ముందే చెప్పి చేస్తే అభ్యంతరం చెప్పేవాళ్లు తక్కువే ఉంటారు. సరుకు కొనుగోలు టీచరు సొంత ఖాతా నుంచి కాకుండా బడి కమిటీ ఖాతా నుంచి, లేదా నేరుగా దుకాణానికి చెల్లించే పద్ధతిలో జరగాలి. నిర్వహణ ఖర్చుకు మూడేళ్లపాటు కొంత కట్టడానికి ఒప్పుకున్న దాతకే టీవీలు, ఫిల్టర్ల లాంటివి ఇచ్చే వీలు ఉండాలి.

లెక్క చూసే అధికారం ఎవరిదన్న సందేహం కూడా లేదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది మహిళలు. ప్రభుత్వం నుంచి గానీ, స్థానిక సంస్థ నుంచి గానీ, మరే ఇతర మార్గం నుంచి గానీ వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో చూడటం ఆ కమిటీ విధి అని చట్టంలోనే ఉంది. వాట్సప్‌లో వచ్చిన ఐదు వందలైనా, కంపెనీ ఇచ్చిన ఐదు లక్షలైనా, తల్లికి వందనంలో ఆపిన 2,000 అయినా ఆ ‘ఇతర మార్గం’ కిందికో, ప్రభుత్వ నిధి కిందికో రావాల్సిందే. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాల సభ్యులతో ఏర్పడ్డ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు మరమ్మతు పనులు చూస్తున్నాయి. పొదుపు సంఘంలో వారం వారం రూపాయి రూపాయికీ లెక్క రాసుకునే అలవాటున్న ఆడవాళ్లు వాళ్లు. బడికి ఈ నెల ఎవరు ఎంతిచ్చారు, దేనికెంతైంది, ఎంత మిగిలింది అన్నది కమిటీ సమావేశంలో చదివి వినిపించాలి. తీర్మానాల పుస్తకంలో రాసి, ఒక ప్రతి మధ్యాహ్న భోజనం మెనూ పక్కన గోడకు అంటించాలి, ఇంకో ప్రతి ఫొటో తీసి తల్లుల గ్రూపులో పెట్టాలి.